కూబర్ పీడీ నుంచి ఉలురు దాకా ఒక్కరోజులో: పిల్లలతో, పెద్దవాళ్లతో 735 కిలోమీటర్లు

ఉలురు అంటే ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న పెద్ద ఎర్ర రాతికొండ. అడిలైడ్ నుంచి దాన్ని చూడటానికి కారులో బయల్దేరే మనవాళ్లు చాలామంది వేసుకునే ప్లాన్ ఒకటే. మొదటి రాత్రి పోర్ట్ అగస్టా, రెండో రాత్రి కూబర్ పీడీ, మూడో రాత్రి ఉలురు పక్కనున్న యులారా. మొదటి రెండు రోజులూ ఎలాగో గడిచిపోతాయి. మూడో రోజు మాత్రం 735 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం చేరుకుని, ఆ పైన ఇంకో వంద కిలోమీటర్లు పోయినంత దూరం. మన దగ్గరైతే దారి పొడవునా ఊళ్లుంటాయి, టీ కొట్లుంటాయి. ఇక్కడ బండాపి పెట్రోలు పోయించుకోగల చోట్లు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి.

మేం ఈ దారిలో రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి చేయగలిగిన తప్పులన్నీ చేశాం. రెండోసారి జులై సెలవుల్లో ఆరేళ్ల బాబు, పదకొండేళ్ల పాపతో పాటు గుంటూరు నుంచి వచ్చిన నాన్న కూడా ఉన్నారు. ఆయన ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. కింద రాసిన వాటిలో సగం మేం చేసి నేర్చుకున్నవి, సగం వెనక సీట్లోంచి ఆయన చెప్పినవి.

మీకు ఇంకో రోజు సెలవు దొరికితే మాత్రం ఈ దూరాన్ని రెండు రోజులు చేసుకోండి, మధ్యలో మార్లాలోనో ఎర్ల్డండాలోనో పడుకోండి. దొరకకపోతే చదవండి.

ముందు సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేయండి

మనకు అలవాటైన లెక్క "పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరదాం" అని మొదలవుతుంది. ఈ రోజుకి అది పనికిరాదు. పొద్దు గూకే టైమ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఎందుకంటే ఈ రోడ్డు మీద చీకట్లో నడపకూడదు. కంగారూలు ముఖ్యంగా తెల్లవారుజామున, మునిమాపు వేళ, రాత్రిళ్లు తిరుగుతాయి. పశువులను మేపే పెద్ద పెద్ద భూములకు చాలాచోట్ల కంచె ఉండదు. చీకట్లో తారు మీద నల్లావు నిలబడితే దాదాపు దాని కాళ్ల దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. మొదటిసారి మాకు జరిగింది అదే. ఉలురు ఇంకా 120 కిలోమీటర్లుందనగా చీకటి పడింది. బండి ఆగాక చూస్తే ఆవుకీ బానెట్‌కీ మధ్య రెండు గజాలు కూడా లేదు. పిల్లలు ఏడుపు. ఆ తర్వాత మిగిలిన దూరమంతా 60 మీద నడిపాను. ఇంకో సంగతి, అద్దె కారు తీసుకుంటే ఒప్పందం చదవండి. ఊళ్ల బయట చీకటి పడ్డాక నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని చాలావాటిలో రాసుంటుంది.

జులై మొదట్లో యులారాలో సూర్యాస్తమయం సుమారు 6 గంటల 5 నిమిషాలకు. వెలుగులో టెంట్ వేసుకోవాలంటే 5:15 కల్లా చేరాలి. కూబర్ పీడీలో సూర్యోదయం దాదాపు ఏడున్నరకు. అంటే మీ చేతిలో ఉన్నది తొమ్మిదిన్నర గంటలు. వీటిలో ఏడు గంటల పైన చక్రాల మీదే పోతుంది. మిగిలిన రెండున్నర గంటల్లోనే పెట్రోలు, భోజనం, బాత్రూమ్, పిల్లల పరుగులు, నాన్న టీ, అన్నీ. ఆ రెండున్నర గంటలను ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే తేల్చుకోండి. ఈ గైడంతా దాని గురించే.

దక్షిణ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ గడియారాలు శీతాకాలంలో ఒకటే. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రం దక్షిణ ఆస్ట్రేలియా గంట ముందుంటుంది. ఆ నెలల్లో పిల్లలతో ఈ ఎండలోకి ఎలాగూ పోవద్దు.

మూడు ముక్కలు

ఈ దారి దానంతటదే మూడు ముక్కలుగా విడిపోతుంది. కూబర్ పీడీ నుంచి మార్లా 235 కిలోమీటర్లు. మార్లా నుంచి ఎర్ల్డండా 255. అక్కడ స్టువర్ట్ హైవే వదిలి ఎడమకు తిరిగి లాసెటర్ హైవే మీద యులారా 245. ఒక్కో ముక్క చివర ట్యాంక్ నింపండి. సగానికి పైన ఉన్నా సరే నింపండి. మధ్యలో క్యాడ్నీ, కుల్గెరా, కర్టిన్ స్ప్రింగ్స్ లాంటి రోడ్‌హౌస్‌లు, అంటే హైవే పక్కన పెట్రోలు, తిండి దొరికే చోట్లు ఉన్నాయి. వాటిని అదనంగా దొరికినవి అనుకోండి, వాటి మీద ఆధారపడి లెక్క వేయొద్దు. రోడ్‌హౌస్‌లు సాయంత్రం త్వరగా మూసేయొచ్చు, రిపేరులో ఉండొచ్చు, పెట్రోలు ట్యాంకర్ రావడం ఆలస్యం కావొచ్చు. రేటు ఊళ్లలో కంటే చాలా ఎక్కువే ఉంటుంది. దాన్ని చూసి ముందు చోట తక్కువకు దొరుకుతుందిలే అని వదిలేస్తే, ఆ ముందు చోటు 180 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

పై మీద సామాను పెట్టె ఉన్నా, వెనక ట్రెయిలర్ ఉన్నా, ఎదురుగాలి వీచినా మీ కారు నగరంలో ఇచ్చే మైలేజీ ఇక్కడ ఇవ్వదు. వంద కిలోమీటర్లకు పది లీటర్లు తాగే బండి ట్రెయిలర్‌తో పదిహేను తాగడం మామూలే.

ముందురోజు సాయంత్రం కూబర్ పీడీలో

కూబర్ పీడీ చూడాల్సిన ఊరే. 1915లో ఓ పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇక్కడ ఓపల్ రాయి దొరికింది, అప్పటినుంచి తవ్వుతూనే ఉన్నారు. వేసవి ఎండకు తట్టుకోలేక నేల కింద ఇళ్లు కట్టుకున్నారు. ముందురోజు మధ్యాహ్నం కల్లా చేరి అవన్నీ చూపించేయండి. మర్నాడు పొద్దున్న ఏమీ చూడబోవడం లేదని పిల్లలకు అప్పుడే చెప్పేయండి. "ఒక్క అరగంట ఆ గనిలోకి వెళ్లొద్దాం" అన్న మాట పొద్దున్న పూట మా ఇంట్లో మొదటిసారి గంటన్నర తినేసింది.

సాయంత్రం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పెట్రోలు ఆ రాత్రే పోయించండి, పొద్దున్న బంకు దగ్గర క్యూలో నిలబడొద్దు. నీళ్లు నింపండి. మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున రెండు రోజులకు సరిపడా. అయిదుగురికి 50 లీటర్లు. ఎక్కువ అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఈ ఊళ్లో నీళ్లు ఖరీదైన వస్తువు, కేన్లు నింపుకోవడానికి నాణేలు వేసే మెషీన్ కూడా ఉంది. నీళ్లన్నీ ఒకే పెద్ద డబ్బాలో కాకుండా పది లీటర్ల కేన్లలో పెట్టుకుంటే ఒకటి కారినా మిగతావి ఉంటాయి.

టైర్ల గాలి మాత్రం పొద్దున్న టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్‌లో నిండు లోడుకు ఎంత ఉండాలో ఉంటుంది. అందుకే చేతిలో పట్టే గేజ్ ఒకటి, చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కోవాలి.

ఇప్పుడు స్టెప్నీ. (ఆ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, స్పేర్ టైర్ అనాలి.) అది మీ బండిలో ఎక్కడుంది? చాలా కార్లలో డిక్కీ అడుగున, అంటే మీ టెంట్లు, బియ్యం, కుక్కర్, ఎస్కీ (ఐస్ పెట్టె), పిల్లల బ్యాగులు అన్నింటి కింద. పంక్చరైతే వాటన్నిటినీ హైవే పక్కన దింపాలి. దింపక తప్పదు, కానీ జాకీ, వీల్ స్పానర్ మాత్రం ముందే తీసి సీటు కింద పెట్టుకోండి. ఆ స్పేర్ సన్నగా బుల్లిగా ఉండే రకమైతే దాని మీద 80 దాటకూడదు. అలాంటిదే ఉంటే ఈ ప్రయాణానికి పూర్తి సైజుది ఒకటి సంపాదించండి. ఇంటి దగ్గరే ఒకసారి టైర్ విప్పి బిగించి చూడండి. నాన్న ఇది మా ఆవిడ చేత, పాప చేత కూడా చేయించారు. "డ్రైవర్‌కే దెబ్బ తగిలితే?" అన్నారు.

సామాను సర్దేటప్పుడు రాత్రి మొదట కావలసినవి చివర లోపల పెట్టండి. టెంట్, సుత్తి, హెడ్‌ల్యాంప్, నిద్ర సంచులు తలుపు తీయగానే చేతికి అందాలి. పగటికి కావలసినవి, అంటే తిండి, దుప్పటి, మందులు, టిష్యూలు, చిన్న పార, ఇవన్నీ ఒక సంచీలో వేసి సీట్ల మధ్య. దారిలో డిక్కీ తెరవాల్సిన పని పడకూడదు.

ఫోన్లు. ఊరు దాటిన కొద్దిసేపటికే సిగ్నల్ పోతుంది, మళ్లీ రోడ్‌హౌస్‌ల చుట్టుపక్కలే వస్తుంది. మారుమూల ప్రాంతాల్లో టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీకే కాస్త ఎక్కువ కవరేజీ. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఐఫోన్ 14 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ ఎలా పంపాలో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. లేకపోతే పర్సనల్ లొకేటర్ బీకన్, అంటే ఆపదలో మీరున్న చోటును శాటిలైట్ ద్వారా తెలిపే చిన్న పరికరం, అద్దెకు తీసుకోండి. బండి నుంచి బండికి మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియో ఒకటి ఉంటే చాలా మేలు. ఛానెల్ 40 మీద ట్రక్కు డ్రైవర్లు మాట్లాడుకుంటూ ఉంటారు. అడిలైడ్‌లోనో సిడ్నీలోనో ఉన్న మీ వాళ్లకు "రేపు ఈ దారిలో పోతున్నాం, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తాం, చేయకపోతే కంగారు పడండి" అని చెప్పండి. అమ్మ అప్పుడు సిడ్నీలో చెల్లెలి దగ్గరుంది. చెప్పకపోయినా ఆవిడ ఎలాగూ కంగారు పడుతుంది, అది వేరే సంగతి.

తిండి

లాంగ్ డ్రైవ్ రోజున మధ్యాహ్నం స్టవ్ వెలిగించొద్దు. గాలికి మంట నిలవదు, గిన్నెలు కడగాలి, గంట పోతుంది. వంటంతా ముందురోజు రాత్రే.

మాకు పనికొచ్చినవి చెప్తాను. పులిహోర పులుసు ఇంట్లోనే చేసి సీసాలో తెచ్చుకున్నాం. రాత్రి అన్నం వండి, పళ్లెంలో ఆరబెట్టి, పులుసు కలిపి డబ్బాలో సర్దాం. శీతాకాలం రాత్రి చలి ఫ్రిజ్‌లాగే ఉంటుంది, అయినా తెల్లన్నం పగలంతా కారులో పెట్టుకుని తినొద్దు. చింతపండు, నూనె పట్టినదే మంచిది. పెరుగన్నం ఎస్కీలో ఐస్ పక్కన. పిల్లలకు చపాతీలో బంగాళదుంప కూర చుట్టి, ఒక్కోటి విడిగా రేకు కాగితంలో. ఒళ్లో పెట్టుకుని చేత్తో తినేవి కావాలి, చెంచా అడిగేవి వద్దు. జంతికలు, పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు. ఫ్లాస్కులో టీ. రోడ్‌హౌస్‌లో శాకాహారం అంటే చాలాసార్లు వేడి చిప్స్ దగ్గర ఆగిపోతుంది. పిల్లలకు అది పండగే గానీ పెద్దవాళ్లకు కడుపు నిండదు.

ఒక్క నియమం. మధ్యాహ్నం తర్వాత నడపబోయే మనిషి అన్నం సగమే తినాలి. పులిహోర మీద పెరుగన్నం లాగించి, ఎండ ముఖాన కొడుతుంటే, తిన్నగా గీసినట్టున్న రోడ్డు మీద వంద కిలోమీటర్లు కళ్లు తెరిచి ఉంచడం ఎవరి వల్లా కాదు.

పొద్దున్న: వెలుగు వచ్చాకే

ఊళ్లో మనం దూరప్రయాణమంటే తెల్లవారుజామున నాలుగింటికి కొబ్బరికాయ కొట్టి బయల్దేరతాం. ఇక్కడ అది చేయకండి. కంగారూలు అప్పుడే రోడ్డు మీద ఉంటాయి. ఆరున్నరకు లేచి, గుడారం ముడిచి, 7:45 కు చక్రం కదిలితే చాలు. టెంట్ విప్పే పని కూడా వద్దనుకుంటే, కూబర్ పీడీలో ఆ ఒక్క రాత్రికి గది తీసుకోండి. మేం రెండోసారి అదే చేశాం. నేల కింద గది, పిల్లలకు సంబరం, మాకు పొద్దున్న ముప్పావుగంట మిగిలింది. క్యాంపింగ్ అని వచ్చి గదిలో పడుకుంటారా అని మా ఫ్రెండ్ ఒకడు వెక్కిరించాడు. వాడికి పిల్లల్లేరు.

జాకెట్లు విప్పించాకే పిల్లలకు బెల్టు పెట్టండి, లావు జాకెట్ మీద బెల్టు వదులుగా ఉంటుంది. ఏడేళ్లు నిండని పిల్లలకు తగిన సీటు చట్టప్రకారం తప్పనిసరి. పగలైనా హెడ్‌లైట్లు వేసే ఉంచండి. ఆ తారు మీద ఎండమావుల్లో ఎదురు బండి ఎంత దూరంలో ఉందో లైట్లు ఉంటేనే తెలుస్తుంది.

ఇక సూర్యుడి సంగతి. ఇది మ్యాపులో కనిపించదు. భూమికి దక్షిణ భాగంలో ఉన్నాం కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, శీతాకాలంలో కిందికే ఉంటాడు. మీరు పోయేది ఉత్తరానికే. అంటే పదింటి నుంచి రెండింటి దాకా ఎండ విండ్‌స్క్రీన్‌లోంచి నేరుగా ముఖం మీదే. సాయంత్రం లాసెటర్ హైవే పడమటికి పోతుంది, సూర్యుడూ పడమటికే పోతాడు. రోజంతా ఆయన ఎదురే. విండ్‌స్క్రీన్ లోపలి వైపు కూడా తుడవండి, లోపలి మసకే ఎక్కువ మెరుస్తుంది. నడిపే ఇద్దరికీ మంచి చలవ కళ్లద్దాలు, ప్రతి స్టాప్‌లో అద్దం మీద పురుగులు తుడవడానికి ఒక గుడ్డ. ఈ తుడిచే డ్యూటీ మా బాబుది.

మొదటి ముక్క: మార్లా దాకా

క్యాడ్నీ 152 కిలోమీటర్లు, గంటన్నర. అక్కడ పదిహేను నిమిషాలు ఆగండి. ఎవరికీ అవసరం లేకపోయినా అందరూ బాత్రూమ్‌కి వెళ్లాలి. "నాకు రావట్లేదు" అన్నవాళ్లే ఇరవై నిమిషాల తర్వాత ఆపమంటారు. పెద్దవాళ్లు బాత్రూమ్ దొరకదేమోనన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. అడగండి, గ్లాసు చేతికివ్వండి. నాన్న బీపీ మాత్రతో పాటు ఆయన తాగాల్సిన నీళ్ల లెక్క కూడా పాప రాసింది. రోడ్డు పక్క రెస్ట్ ఏరియాలు కనిపిస్తాయి గానీ చాలావాటిలో బల్ల, చెత్తడబ్బా తప్ప ఏమీ ఉండవు. తప్పనిసరైతే పార తీసుకుని రోడ్డుకు దూరంగా వెళ్లి గొయ్యి తీయాలి. వాడిన కాగితాన్ని ఒక సంచీలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి.

కానీ పక్కదారులు పట్టి మరీ లోపలికి వెళ్లకండి. స్టువర్ట్ హైవే చాలా దూరం వూమెరా నిషేధిత ప్రాంతంలోంచి పోతుంది, అది రాకెట్లు, ఆయుధాలు పరీక్షించే నేల. హైవే మీద పోవచ్చు, దిగి తిరగకూడదు. ఇంకా పైకి వెళ్తే ఏపీవై భూములు. అవి అనంగు అనే ఆదివాసీ ప్రజల సొంతం, లోపలికి పోవాలంటే పర్మిట్ కావాలి.

రోడ్ ట్రెయిన్లు దారి పొడవునా పలకరిస్తాయి. ఒక లారీకి మూడు ట్రెయిలర్లు, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా. ఎదురొచ్చినప్పుడు స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కాస్త ఎడమకు జరగండి, గాలి తోపు బలంగా ఉంటుంది. దాన్ని దాటాలన్నప్పుడు లెక్క చూడండి. అది 90 మీద పోతోంది, మీరు 110 మీద దాటుతున్నారు. తేడా సెకనుకు అయిదున్నర మీటర్లే. దాని పొడవు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి 150 మీటర్లనుకుంటే మీకు 27 సెకన్లు పడుతుంది. ఈలోగా మీరు 800 మీటర్ల పైన పోతారు, ఎదురొచ్చే బండీ అంతే వస్తుంది. అంటే కనీసం 1.7 కిలోమీటర్లు ఖాళీగా కనిపించాలి. అది 100 మీద పోతుంటే మూడు కిలోమీటర్లు పైన. అంత ఖాళీ కనిపించకపోతే వెనకే ఉండండి. బాగా వెనక. దగ్గరగా పోతే రాళ్లు ఎగిరి అద్దం పగులుతుంది, దాని ముందేముందో కనిపించదు కూడా. రేడియో ఉంటే "వెనకున్న తెల్ల కారు, దాటొచ్చా?" అని అడిగితే చాలామంది డ్రైవర్లు మర్యాదగా చెప్తారు. నాన్న వీళ్లని చూసి మురిసిపోయారు. "నా బస్సు ఇందులో ఐదో వంతు కూడా లేదురా" అన్నారు.

ఇంకో సంగతి. రోడ్డు మీద చచ్చిన కంగారూని గద్దలు పీక్కు తింటూ ఉంటాయి. ఆస్ట్రేలియా పెద్ద గద్ద బరువైన పక్షి, లేవడానికి టైమ్ తీసుకుంటుంది, ఒక్కోసారి మీ వైపే లేస్తుంది. దూరం నుంచే వేగం తగ్గించి హారన్ కొట్టండి. ఏ జంతువు అడ్డొచ్చినా స్టీరింగ్ తిప్పేయకండి. బెల్టులు పెట్టుకునే ఉన్నారు, తిన్నగా బ్రేక్ వేయండి. తప్పించబోయి బోల్తా పడినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఎదురొచ్చే డ్రైవర్లు స్టీరింగ్ మీదనుంచి చూపుడువేలు పైకెత్తుతారు. అదే ఇక్కడి నమస్కారం. మీరూ ఎత్తండి. ఎంతమంది ఎత్తారో లెక్కపెట్టడం పిల్లలకు గంటసేపు ఆట.

10:20కి మార్లా. పెట్రోలు, బాత్రూమ్, చిన్న సూపర్‌మార్కెట్, పిల్లలు పరిగెత్తడానికి జాగా. ఇక్కడ నలభై నిమిషాలు ఖర్చు పెట్టండి, దిగులు పడకండి. ఇక్కడే డ్రైవర్ మారాలి.

డ్రైవర్ మారడం గురించి నాన్న మాట

రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలు ఆగమని అందరూ చెప్తారు. అది కనీస నియమం. నిద్ర గురించి నాన్న చెప్పింది వేరు. "కళ్లు బరువెక్కాక తెలుసుకుంటే లాభం లేదు. డ్రైవర్ మాట్లాడటం తగ్గించాడంటే అప్పుడే మొదలైనట్టు. అడిగినదానికి ఊఁ అని ఊరుకున్నాడంటే బండి ఆపించు." ఆర్టీసీలో రాత్రి సర్వీసుల్లో కండక్టర్ ఆయన్ని మాట్లాడిస్తూనే ఉండేవాడట. మీ బండిలో పక్కసీటు మనిషికి ఇదే ఉద్యోగం. ఫోన్ చూడటం, నిద్రపోవడం కుదరదు. 110 మీద నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 120 మీటర్లు ఎవరూ నడపకుండా పోతుంది.

పొడుపుకథలు బాగా పనిచేస్తాయి. నాన్న మా పాపని అడిగిన మొదటిదే "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏమిటి?" అది కనురెప్పలని తెలిశాక పాప నా కనురెప్పల మీద నిఘా పెట్టింది. పది నిమిషాలకోసారి "నాన్నా, తలుపులు!" అని అరిచింది.

రెండో ముక్క: బోర్డర్ దగ్గర భోజనం

మార్లా నుంచి రాష్ట్రాల సరిహద్దు సుమారు 160 కిలోమీటర్లు. అది 26వ అక్షాంశ రేఖ. పెద్ద బోర్డులు, బల్లలు, ఆగడానికి జాగా ఉన్నాయి. పన్నెండున్నరకు చేరితే భోజనానికి సరిగ్గా సరిపోతుంది. ఫొటోలు దిగండి, పిల్లల్ని గీతకు అటూ ఇటూ దూకనివ్వండి. నలభై నిమిషాలు. దుప్పటి పరిచి నాన్న పది నిమిషాలు నడుం వాల్చారు, ఆ తర్వాత కాసేపు నడిచారు. పెద్దవాళ్లకు గంటల తరబడి కూర్చుంటే కాళ్లు వాస్తాయి, ప్రతి స్టాప్‌లో నడిపించండి.

నార్తర్న్ టెరిటరీలోకి వెళ్లగానే స్టువర్ట్ హైవే మీద 130 అని బోర్డు కనిపిస్తుంది. చేయి దురద పెడుతుంది. బోర్డర్ నుంచి ఎర్ల్డండాకు 95 కిలోమీటర్లు. 110 మీద 52 నిమిషాలు, 130 మీద 44. ఆ ఎనిమిది నిమిషాల కోసం నిండు లోడున్న బండిని, పెట్రోలును, అడ్డొచ్చే జంతువును పణంగా పెట్టడం నాకు నచ్చదు. మేం 105 దగ్గర క్రూజ్ పెట్టుకుని వెళ్లాం.

బండి ఆగిపోతే ఏం చేయాలో భోజనం దగ్గర అందరికీ చెప్పండి. ఒక్కటే మాట, బండిని వదిలి ఎటూ నడవకూడదు. కారు దూరం నుంచి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. బానెట్ ఎత్తి, నీడలో కూర్చుని, నీళ్లు తాగుతూ ఉండాలి. ఈ హైవే మీద బండ్లు వస్తూనే ఉంటాయి, ఆగి అడుగుతారు కూడా. అలాగే రోడ్డు పక్కన ఎవరైనా ఆగి ఉంటే మీరూ వేగం తగ్గించి బొటనవేలు ఎత్తి అడగండి.

ఎర్ల్డండా: ఇక్కడ గడియారం చూడండి

రోజు మొత్తంలో నిర్ణయం తీసుకోవాల్సిన చోటు ఇదొక్కటే. ట్యాంక్ నింపి, టీ తాగి, ఆవరణలోని ఈము పక్షులను పిల్లలకు చూపించండి. తర్వాత గడియారం చూడండి. మూడు గంటల లోపు బయల్దేరగలిగితే వెళ్లండి. మూడు దాటితే ఇక్కడే ఆగిపోండి. టెంట్ వేసుకునే జాగా ఉంది, రోడ్‌హౌస్ ఉంది, వేడినీళ్లు ఉన్నాయి.

మూడు దాటాక మీలో ఎవరో ఒకరు "245 కిలోమీటర్లే కదా, యులారాలో సైట్‌కి డబ్బు కట్టేశాం కదా" అంటారు. మొదటిసారి ఆ మాట అన్నది నేనే. అప్పుడు టైమ్ నాలుగూ ముప్పావు. ఆవు కథ పైన చెప్పాను. అందుకే రెండోసారి వెళ్లేముందు మేం ఇంట్లోనే ఒప్పందం చేసుకున్నాం: మూడు అన్నది నాన్న గడియారం ప్రకారం, వాదన ఉండదు. బుకింగ్ డబ్బు పోతే పోతుంది. బుక్ చేసేటప్పుడే ఆలస్యమైతే ఏం చేస్తారో ఫోన్‌లో అడిగి పెట్టుకోవడం ఇంకా మంచిది.

మూడో ముక్క: లాసెటర్ హైవే

ఇప్పటిదాకా దాచిన ట్యాబ్లెట్ ఇప్పుడు తీయండి. పొద్దున్నే ఇచ్చేస్తే ఈ ముక్కకు మీ చేతిలో ఏమీ మిగలదు. పిల్లలు అలిసిపోయారు, ఎండ ఎదురుగా పడుతోంది, డ్రైవర్‌కు నిశ్శబ్దం కాదు గానీ ప్రశాంతత కావాలి. ఈ ముక్కకు ఇద్దరిలో తక్కువ అలిసిన మనిషి నడపాలి, వంతు ఎవరిదన్నది పక్కన పెట్టండి.

నేల రంగు ఇక్కడ మారుతుంది. ఎర్ర ఇసుక దిబ్బలు, నిటారుగా సరుగుడు చెట్లలాంటి డెజర్ట్ ఓక్‌లు. కొంతసేపటికి ఎడమ వైపు బల్లపరుపు తలతో పెద్ద కొండ కనిపిస్తుంది. కారులో అందరూ ఒక్కసారి "ఉలురు!" అని అరుస్తారు. కాదు, అది మౌంట్ కానర్. ఉలురు ఇంకా చాలా దూరం. ముందే పిల్లలకు చెప్పకండి, అరవనివ్వండి. అక్కడ లుకౌట్ దగ్గర బండి ఆపే జాగా ఉంది. ఇరవై నిమిషాలు ఆగి, రోడ్డు జాగ్రత్తగా దాటి ఎదురుగా ఇసుక దిబ్బ ఎక్కితే అవతల తెల్లగా ఉప్పు సరస్సు. రోజంతా కూర్చున్న కాళ్లకు ఆ ఎక్కుడు బాగుంటుంది. నాన్న ఎక్కలేదు. కింద నిలబడి ఆ ఇసుక గుప్పెడు తీసి, చూసి, మళ్లీ అక్కడే పోసేశారు.

కర్టిన్ స్ప్రింగ్స్ దగ్గర్నుంచి పశువుల కోసం రెండు వైపులా చూడండి. అయిదు దగ్గర పడుతుంటే వేగం 90కి తగ్గించండి.

చేరాక

యులారా చేరగానే ఉలురు సూర్యాస్తమయం చూద్దామని బండి అటు తిప్పకండి. ఈ రోజుకి అది మీ పని కాదు. పార్కు లోపలికి ఇంకా దూరం ఉంది, తిరిగొచ్చేటప్పుడు చీకట్లో నడపాలి, టెంట్ చీకట్లో వేయాలి. ఊళ్లోనే చిన్న దిబ్బ మీద లుకౌట్ ఉంది, టెంట్ వేశాక ఓపిక ఉన్నవాళ్లు అక్కడికి నడిచి వెళ్లొచ్చు.

ముందు పెద్దవాళ్లకు కుర్చీ, దుప్పటి. తర్వాత టెంట్, వెంటనే లోపల పక్కలు. వంట ఆ తర్వాతే. పొద్దు గూకిన అరగంటలో చలి దిగుతుంది, జులైలో ఇక్కడి రాత్రులు ఒక్కోసారి సున్నా కంటే కిందికి పోతాయి. కింద పరుచుకునే పరుపు పైన కప్పుకునే దుప్పటి కంటే ముఖ్యం, చలి నేలలోంచి వస్తుంది. పిల్లలకు రేపటి బట్టలు ఈ రాత్రే తొడిగి పడుకోబెట్టేయండి. వంటంటే ఆ రాత్రికి నూడుల్సో ఉప్మానో, పది నిమిషాల్లో అయ్యేది. మిగిలిన పులిహోర ఎవరో ఒకరు తినేస్తారు.

ఎనిమిదింటికి సిడ్నీకి ఫోన్ చేయండి. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది.